ఎత్తు తగ్గించిన కారు

వాహనమునకు వేగము నిచ్చునది ఇంజను. ఆ వేగమును మనము భరింపగలుగునట్లు చేయునది స్ప్రింగు. ఇంజనును గూర్చి మాటలాడువారు పెక్కురు. స్ప్రింగును తలచువారు, అది విరిగిననాడు తప్ప, అరుదు. అయితే కొన్ని సంవత్సరములుగా కార్లయందు మక్కువ గల యువకులు స్ప్రింగులను గూర్చి పట్టుదలతో వాదించుకొనుట మేము వినుచున్నాము. అందొక వాదము పెక్కు ఇండ్లలో తండ్రికొడుకుల నడుమ కూడ నడచునది గనుక, దానిని ఈనాడు శ్రోతల ముందు ఉంచుచున్నాము.

ప్రశ్న యిది. కర్మాగారము నుండి వచ్చిన ఎత్తుననే కారును ఉంచుకొనవలెనా? లేక పొట్టి స్ప్రింగులు వేయించి మూడు సెంటీమీటర్లో నాలుగు సెంటీమీటర్లో క్రిందికి దింపవలెనా? ఇది సామాన్యమైన కార్లను గూర్చిన ప్రశ్న కాదు. చూచుటకు సంసారపక్షముగా నుండి, ఐదుగురికి చోటిచ్చి, వెనుక సామాను పెట్టె గలిగి, లోపల మాత్రము పందెపు గుఱ్ఱము వంటి ఇంజను గల సెడాను బండ్లను గూర్చినది. 2022వ సంవత్సరమున మన దేశమున విడుదలయిన స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్ ఇట్టివి. వానిలో లీటరున్నర టర్బో ఇంజను సుమారు 150 అశ్వశక్తి నిచ్చును. అట్టి బండిని ముచ్చటపడి కొన్న యువకునకు, టైరునకును దానిపై రేకునకును మధ్య నాలుగు వ్రేళ్లు పట్టు సందు కనబడినపుడు మనసు చివుక్కుమనును. బొమ్మలలో చూచు విదేశపు బండ్లు నేలకు అంటుకొని యుండును. తన బండి మాత్రము పంచె ఎగగట్టి వాగు దాటువానివలె నిలిచి యున్నది!

ఆ సందు పొరపాటున ఏర్పడినది కాదు. ఖాళీగా నున్నపుడు ఈ బండ్ల అడుగుభాగమునకును నేలకును మధ్య 179 మిల్లీమీటర్ల ఎడము ఉండునని తయారుచేసినవారు ప్రకటించి యున్నారు. మన రోడ్లను మనసున ఉంచుకొని యుంచిన ఎడము అది. కనుక యువకుని కంటికి లోపముగా తోచునది, ఇంజనీరు లెక్కలో ఒక నిర్ణయము. ఆ నిర్ణయమును మార్చదలచినవారు, అది యెందులకు చేయబడినదో ముందు తెలిసికొనవలెను.

ఈ సంగతిని గాలిలో చర్చించుటకంటె ఒక రోడ్డుపై పెట్టి చూచుట మేలు. 42వ నంబరు జాతీయ రహదారి అనంతపురము, కదిరి మీదుగా మదనపల్లెకు వచ్చి, అటనుండి పుంగనూరు, పలమనేరు, కుప్పము దాటి తమిళనాడులోని కృష్ణగిరి చేరును. మదనపల్లెకు చేరువనే ఏనుగు మల్లమ్మ కొండ కలదు. కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర పేరిట అది హార్స్‌లీ కొండగా ప్రసిద్ధికెక్కినది. పలమనేరు, కుప్పము ప్రాంతములలో కౌండిన్య అభయారణ్యము వ్యాపించి యున్నది. ఏనుగులు తిరుగు అడవి అది. సాపుగా సాగు పెద్ద రోడ్డు, కొండకు మెలికలు తిరుగు ఘాటు రోడ్డు, ఊరి మొదట అడ్డముగా లేచు దిమ్మలు, పొలములలోనికి చీలు మట్టిబాట, ఇవన్నియు ఒక్క ఆదివారపు ప్రయాణములోనే తగులును. బెంగుళూరులో ఉద్యోగము చేయు ఈ సీమ బిడ్డలు శనివారము సాయంకాలము బయలుదేరి ఇల్లు చేరుదురు. వారమంతయు ఒక్కడు నడపిన కారే, మరునాడు తల్లిదండ్రులను, పిల్లలను, తిరుగు ప్రయాణమున టమోటా గంపను, బియ్యపు మూటను కూడ మోయవలెను. మన ప్రశ్నకు పరీక్షాస్థలము ఇదియే.

ముందు స్ప్రింగు పని యేమో చూతము. చక్రము గుంటలో దిగినను, రాతిపై ఎక్కినను, బండి శరీరమును దానితోపాటు దిగనీయక, ఎక్కనీయక నడుమ నిలిచి ఓర్చుకొనునది స్ప్రింగు. అయితే స్ప్రింగునకు ఒక దుర్గుణము కలదు. ఒకసారి నొక్కి వదలిన, అది ఊరకుండదు. ఉయ్యాలవలె ఊగుచునే యుండును. ఆ ఊపును అణచునది షాక్ అబ్సార్బరు. దాని గొట్టములోని నూనె సన్నని రంధ్రముల గుండ పోవలసివచ్చుటచే ఊపులోని బలము వేడిగా మారి చల్లారును. ఈ రెండింటికిని కడపట ఒక రబ్బరు దిమ్మ ఉండును. స్ప్రింగు ప్రయాణము పూర్తియై ఇక దారి లేనపుడు ఆ దిమ్మ తగులును. కనుక స్ప్రింగు ఎంత బిగువుగా నున్నది, షాక్ అబ్సార్బరు దానికి తగియున్నదా, చక్రము పైకి క్రిందికి ఆడుటకు ఎంత చోటున్నది, ఈ మూడు లెక్కలు కలిసినదే సస్పెన్షన్. ఎత్తు అనునది ఆ మూడింటి ఫలితము మాత్రమే.

ఎత్తు తగ్గించుటవలన లాభము లేదని మేము చెప్పబోము. లాభము కలదు; అది యెంతో కొలిచి చూతము. బండి బరువంతయు ఒక్కచోట చేరినట్లు భావింపదగిన బిందువును గరిమనాభి యందురు. మలుపు తిరుగునపుడు లోపలి చక్రములపై నున్న బరువులో కొంత వెలుపలి చక్రములకు మారును. గరిమనాభి ఎంత ఎత్తున నున్న అంత ఎక్కువ మారును. 1,250 కిలోల బండి, గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రముల ఎడము మీటరున్నర అనుకొందము. భూమ్యాకర్షణలో పదింట ఆరు వంతుల బలముతో మలుపు తిరిగిన, సుమారు 275 కిలోల బరువు వెలుపలి వైపునకు మారును. మూడు సెంటీమీటర్లు దింపినచో ఆ 275 కిలోలు 260 అగును. అనగా నూటికి ఐదారు వంతుల మేలు. పందెములలో సెకనులో పదవ వంతుకు పోరాడువానికి అది గొప్ప సంగతి. మదనపల్లె నుండి పుంగనూరు పోవువానికి అది ఎంతమాత్రమో శ్రోతలే యోచింపవలెను.

మరి ఎత్తు తగ్గించిన బండి ఎక్కినవారందరు అది రోడ్డును కరచుకొని పోవుచున్నదని ఏల చెప్పుచున్నారు? వారి అనుభవము అబద్ధము కాదు. కాని దాని కారణము వేరు. పొట్టి స్ప్రింగులను తయారుచేయువారు వానిని కొంత బిగువుగా కూడ చేయుదురు. బండి తక్కువ ఒరుగుటకు, స్టీరింగు త్రిప్పగనే పలుకుటకు ముఖ్యకారణము ఆ బిగువే. పైగా ఇందులో ఒక చిత్రము కలదు. ఈ బండ్లకు ముందు చక్రముల యొద్ద నుండునది మెక్‌ఫర్సన్ స్ట్రట్; అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940ల కాలమున రూపొందించిన ఏర్పాటు. బండి ఒరుగుటకు ఇరుసు వంటిదొక బిందువు ఉండును. ఈ ఏర్పాటులో బండిని దింపినపుడు గరిమనాభి దిగినదానికంటె ఆ బిందువు ఎక్కువ దిగును. రెండింటి నడుమ దూరము పెరుగుటచే ఒరుగు స్వభావము తగ్గుటకు మారుగా పెరుగును! బిగువైన స్ప్రింగు దానిని కప్పిపుచ్చును. కనుక ఎత్తు చేసినదని మనము మెచ్చుకొను మేలులో అధికభాగము బిగువు చేసిన మేలు. ఈ భేదమును గుర్తించినచో సగము వాదము ముగిసినట్లే.

ఇక నష్టము లెక్కింతము. కర్మాగారపు ఎత్తున చక్రము పైకి ఆడుటకు ఎనిమిది సెంటీమీటర్ల చోటున్నదనుకొందము. మూడు తగ్గించిన మిగులునది ఐదు. గుంట గాని, రాయి గాని మన బండి దిగినదని తన దెబ్బను తగ్గించుకొనదు. ఆ దెబ్బను ఎనిమిదింటికి బదులు ఐదు సెంటీమీటర్లలోనే మ్రింగవలెనన్న, స్ప్రింగు రెండున్నర రెట్లకు పైగా బిగువు కావలెను. అంత బిగువు పెట్టినచో లోపలివారి వెన్నెముకలు ఓర్వవు. కనుక పొట్టి స్ప్రింగులవారు నూటికి ఇరువది ముప్పది వంతుల బిగువుతోనే సరిపెట్టుదురు. మిగిలిన దెబ్బ ఎవరు భరింపవలెను? రబ్బరు దిమ్మ, దాని తరువాత రేకు, దాని తరువాత వెనుక సీటులో కూర్చున్న అవ్వ.

ఇది సుఖమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. హార్స్‌లీ కొండ దారి మదనపల్లె ఎత్తునుండి మరి ఐదువందల మీటర్లకు పైగా ఎక్కును. దిగునపుడు ముందు చక్రములపై భారము ఎట్లును ఎక్కువ. మలుపున వెలుపలి చక్రముపై మరింత ఎక్కువ. స్ప్రింగు అప్పటికే సగము అణగి యుండును. ఆ క్షణమున రోడ్డు అంచున ఒక గతుకు తగిలినదనుకొనుడు. చోటున్న చక్రము గతుకుతోపాటు లేచి దిగి నేలను పట్టుకొనియే యుండును. చోటు లేని చక్రము రబ్బరు దిమ్మకు కొట్టుకొని కట్టెవలె బిగిసిపోవును; టైరు క్షణకాలము నేలను వదలును. నున్నని రోడ్డుపై గొప్ప పట్టు నిచ్చిన బండియే, పట్టు అత్యవసరమైన చోట జారవచ్చును. అడవిలో చీకటివేళ ఏనుగు ఎదురై గట్టిగా బ్రేకు వేసినపుడును ఇదే న్యాయము. టైరు నేలకు అంటియుండుటయే భద్రత. బండి నేలకు దగ్గరగా నుండుట కాదు.

స్పీడు బ్రేకర్ల సంగతి అందరికిని అనుభవమే అయినను, దానియందును ఒక లెక్క కలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి నిర్ణయము ప్రకారము గుండ్రని దిమ్మ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు కలిగి యుండవలెను. గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటవచ్చును. చక్రముల నడుమ 2.65 మీటర్ల పొడవున్న కారు దానిపై నిలిచినపుడు ముందు వెనుక చక్రములు కూడ దిమ్మ వాలుపైననే యుండును. కనుక దిమ్మ నడినెత్తి, చక్రములు నిలిచిన మట్టముకంటె 5 సెంటీమీటర్లు మాత్రమే పైకి లేచును. దింపిన కారైనను దానిని సుఖముగా దాటును. చిక్కంతయు ఈ కొలతకు రాని దిమ్మలతో. అడుగు వెడల్పున పన్నెండు సెంటీమీటర్లు లేపి కట్టిన దిమ్మ, రెండు చక్రముల నడుమ గోడవలె నిలుచును. దాని ఎత్తంతయు బండి కడుపునకు తగులును. నలుగురెక్కి సామాను పెట్టినపుడు బండి మూడు సెంటీమీటర్లకు పైగా క్రుంగును. కర్మాగారపు ఎత్తున అప్పటికిని 14 సెంటీమీటర్ల వరకు మిగులును గనుక మెల్లగా దాటును. మూడు దింపిన బండికి మిగులునది దాదాపు 12. అనగా ఏమియు మిగులలేదు. ఇంజను క్రింది చమురు చాంబరు పగిలినచో, ఆ సంగతి తెలియక నాలుగు మైళ్లు నడపినచో, పోవునది స్ప్రింగుల సొమ్ము కాదు, ఇంజనే.

ఈ ప్రాంతపు మెకానిక్కు ఒకరు ఈ విషయమునే ఒక్క మాటలో తేల్చుట మేము వింటిమి: “బండిని దించేది సులభమే అన్నా, దించినాక రోడ్డును దించేదానికి ఎవురొస్తారు?”

మరి కొన్ని చిన్న సంగతులు కలవు. ఎత్తు మారినపుడు చక్రముల వాలు, మొగము మారును. వెంటనే అలైన్‌మెంటు చేయింపనిచో టైర్లు ఒక ప్రక్కనే అరిగిపోవును. పాత షాక్ అబ్సార్బర్లనే ఉంచి స్ప్రింగులను మాత్రము మార్చువారు కలరు. పొడవైన స్ప్రింగు కొరకు చేసిన షాక్ అబ్సార్బరు ఎల్లవేళల సగము మూసుకొని పనిచేయవలసివచ్చి త్వరలో కారును. ఇంకను ఘోరమేమన, స్ప్రింగుల చుట్లు కోయించుట. కొద్ది రూపాయలతో అగు పని యది. కాని కోసిన స్ప్రింగు తన గూటిలో సరిగా కూర్చుండక, చక్రము వ్రేలాడినపుడు జారిపోవచ్చును. అట్టి పనికి ఎవరును ఒడిగట్టరాదు.

చట్టమును కూడ మరువరాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించినది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యమున ఈ నిషేధమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరము సవరించిన చట్టము ప్రకారము, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి ఐదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రమాదము జరిగిన పిమ్మట భీమా కంపెనీవారు అడుగు మొదటి ప్రశ్నలలో, బండిలో ఏమైన మార్పులు చేసితిరా అనునది యొకటి. ఆనాడు చెప్పుకొనవలసిన సమాధానమును ఈనాడే ఆలోచించుకొనుట వివేకము.

అయిన, కర్మాగారపు సస్పెన్షన్ దోషరహితమని మా అభిప్రాయము కాదు. అది అందరికిని సరిపడునట్లు చేసిన కుట్టుడు చొక్కా వంటిది. వేగముగా పోవునపుడు బండి కొంత తేలినట్లుండుట, మలుపున ఒరుగుట నిజమే. యువకుని కోరిక న్యాయమైనదే. దానిని తీర్చుకొను మార్గమును మాత్రము క్రమములో పెట్టుకొనవలెను. మొదటిది టైర్లు. బండికిని నేలకును గల సంబంధమంతయు నాలుగు అరచేతులంత రబ్బరు. దానిలో పెట్టిన రూపాయి మరెచ్చటను అంత ఫలమీయదు. గాలి ఒత్తిడి వారమున కొకసారి చూచుట ఖర్చు లేని మేలు. రెండవది షాక్ అబ్సార్బర్లు. అరువది డెబ్బదివేల కిలోమీటర్లు నడచిన బండి తేలుచున్నదన్న, దోషము ఎత్తులో కాదు, అలసిన షాక్ అబ్సార్బర్లలో నుండుట మెండు. ఎత్తు మార్చకయే, ఊపును బాగుగా అణచు రకమును, తయారీదారు అంగీకరించినదానిని వేయించుకొనవచ్చును. మూడవది బుష్షులు, అలైన్‌మెంటు. ఈ మూడును చక్కజేసికొన్న పిమ్మట, స్ప్రింగులు మార్చవలెనని తలచినవారిలో అనేకులకు ఆ తలంపు చల్లారును.

దింపుట యనునది కర్మాగారములోనే జరిగినపుడు ఎట్లుండునో చూడుడు. స్కోడా వారి ఆక్టేవియాలో ఆర్‌యస్ అను వేగపు రకము కలదు. ఐరోపాలో దాని సస్పెన్షన్ సామాన్యపు ఆక్టేవియాకంటె 15 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. అదియును స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు, టైర్లు, బ్రేకులు ఒకదాని కొకటి సరిపోవునట్లు వేలకొలది మైళ్లు పరీక్షించిన మీదట. ఐరోపా రోడ్లకు, అన్ని సాధనములు గలవారు, ఒకటిన్నర సెంటీమీటరుతో తృప్తిచెందుచుండగా, మన రోడ్లకు మూడు నాలుగు దింపుట ఏపాటి సబబు?

దింపిన కారునకు తగిన చోటు లేకపోలేదు. మద్రాసు సమీపమున షోళవరములో, యుద్ధకాలపు విమాన రంగముపై, మన పాత ఫియట్ కార్లను సానబట్టి పందెములు నడపిన కాలమొకటి కలదు. ఆ తరువాత ఇరుంగాట్టుకోట్టైలో పందెములకే ప్రత్యేకముగా బాట నిర్మింపబడినది. అచ్చట దిమ్మలు లేవు, గేదెలు అడ్డము రావు, వెనుక సీటులో ఎవరును కూర్చుండరు. రోడ్డు నున్నగా నున్నచోట చక్రమునకు ఎక్కువ చోటు అక్కరలేదు గనుక బండి దిగవచ్చును. వారమున కొకనాడు అట్టి బాటపై నడపుటకు వేరొక కారు ఉంచుకొనగల భాగ్యవంతునకు మా మాటలు వర్తింపవు. ఉన్న ఒక్క కారే ఉద్యోగమునకును, పెండ్లికిని, అర్ధరాత్రి ఆసుపత్రికిని పోవలసిన ఇంటికి వర్తించును.

పుంగనూరు పేరు చెప్పగనే లోకమునకు గుర్తువచ్చునది ఆ ఊరి పొట్టి ఆవు. ఎత్తు మూడడుగులకు లోపే. దానిని చూచి, పొట్టిగా నుండుటయే అందమని మనవారు ముచ్చటపడుట సహజము. కాని ఆ ఆవు పొడవు కాళ్లతో పుట్టి పిమ్మట కాళ్లు కోయించుకొన్నది కాదు. దాని ఎముక, కండ, కడుపు, గిట్ట అన్నియు తరతరములుగా ఆ ఎత్తునకే సరిపడి పెరిగినవి. అందుచేతనే అది ఈ రాతినేలపై తొట్రుపడక మేయుచున్నది. ఎత్తు ఒక్కటియే విడిగా తగ్గించదగినది కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

కనుక ఈ విషయమై ఇంటిలో వాదము వచ్చినపుడు పెద్దలు కోపింపక, పిన్నలు మొండికెత్తక, ఒక పని చేయుడు. ఇంటిల్లిపాదియు కారెక్కి, సామాను పెట్టి, మీ ఊరినుండి మీ బంధువుల ఊరికి ఎప్పుడును పోవు దారిలో ఒకసారి పోయి రండు. ఎన్నిచోట్ల అడుగుభాగము రాచుకొన్నదో, ఎన్నిచోట్ల రాచుకొనుటకు వ్రేలెడు మాత్రమే మిగిలినదో లెక్కించుడు. ఆ లెక్క చేతనుంచుకొని, మొదట టైర్ల దుకాణమునకును, పిమ్మట అలైన్‌మెంటు చేయు చోటికిని పోవుడు. స్ప్రింగుల దుకాణమునకు పోవలసిన అవసరము అప్పటికిని మిగిలియున్నదేమో తరువాత చూచుకొనవచ్చును.